సమూయేలు పదిహేనో అధ్యాయం పరీక్ష: ఒక పెద్దక్షరాల రిఫరెన్సు బైబిలు గురించి

ఏ బైబిలు చేతికిచ్చినా నేను ముందు ఆదికాండం తెరవను, కీర్తనలూ తెరవను. సమూయేలు మొదటి గ్రంథం 15వ అధ్యాయం తెరుస్తాను. కొత్త వంటమనిషి చేత ముందు చారు కాయించి చూస్తారు కదా, అలాంటిదే ఇది. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో, మేడ మీద ఉన్న క్రైస్తవ పుస్తకాల కొట్టులోనూ అదే చేశాను. కొట్టు కుర్రవాడు బల్ల మీద ఐదు బైబిళ్ళు పరిచి, "టీచరు గారూ, అన్నిటిలోనూ ఒకటే వాక్యం కదండీ, అట్ట రంగు చూసుకోండి చాలు" అన్నాడు. వాక్యం ఒకటే, నిజమే. వాక్యం పక్కన సన్నని అక్షరాల్లో ఏమున్నదన్నదే నాకు కావలసింది.

ఆ అధ్యాయంలో ఏముందో తెలియనివారికి నాలుగు ముక్కలు. ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు దేవుని మాట వినలేదు. 11వ వచనంలో దేవుడే స్వయంగా "అతనిని రాజుగా నిర్ణయించినందుకు నేను పశ్చాత్తాపపడుచున్నాను" అంటాడు. 29వ వచనంలో ప్రవక్త సమూయేలు సౌలు ముఖం మీదే, దేవుడు నరుడు కాడు, "ఆయన అబద్ధమాడడు, పశ్చాత్తాపపడడు" అంటాడు. సరే అనుకుని కిందికి వస్తే, 35వ వచనంలో కథ చెప్పేవాడు, సౌలును రాజుగా చేసినందుకు యెహోవా పశ్చాత్తాపపడ్డాడని ముగిస్తాడు. పడ్డాడు, పడడు, పడ్డాడు. ఇరవై నాలుగు వచనాల వ్యవధిలో. పిల్లల వ్యాసంలో ఇలా ఉంటే ఎర్ర సిరాతో చుట్టేదాన్ని. ముప్పై ఒక్క ఏళ్ళు తెలుగు చెప్పాను, చేతి అలవాటు పోదు.

ఈ చుట్టే అలవాటు మా నాన్నగారిది. ఆయన సోంపేటలో కెనడా బాప్టిస్టు మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. ఆయన బైబిలులో ఆ మూడు వచనాల పక్కనా ఎర్ర పెన్సిలుతో మూడు ప్రశ్నార్థకాలు ఉండేవి. కింద జవాబు ఏమీ ఉండేది కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఉద్దానం ఇంటి పెంకులు లేచిపోయి, అటకమీది పెట్టెతో సహా ఆ బైబిలు తడిసి ముద్దయింది. ఆరబెడితే కీర్తనల దగ్గర అట్టలా అంటుకుపోయింది. అప్పటి నుంచి చేతిలో పట్టే చిన్న బైబిలుతో నెట్టుకొచ్చాను. నిరుడు రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషను అయ్యాక చిన్నక్షరాలతో వేగలేక, పెద్దది కొందామని బయలుదేరాను.

కొన్నది పాత అనువాదమే. పెద్దక్షరాలు, ప్రతి పేజీ నడుమ, ఈ వచనంతో కలిపి ఏ వచనం చూడాలో చెప్పే రిఫరెన్సుల గడి, కింద అక్కడక్కడ పాదసూచికలు, చివర ఏ మాట ఎక్కడుందో చెప్పే పదానుక్రమణిక, నాలుగు పటాలు, జిప్పు ఉన్న నల్ల తొడుగు. అచ్చువేసినవారి పేరూ కొట్టు పేరూ రాయడం లేదు, ఎందుకంటే కొన్ని ఫిర్యాదులు ఉన్నాయి. మూడు నెలలు రోజూ చదివాకే ఇది రాస్తున్నాను.

ముందు బరువు సంగతి. వంటింటి తూకం మీద పెడితే కిలో ఎనిమిది వందల గ్రాములు తూగింది. మంచం మీద పడుకుని చదివేవారు ఆశ వదులుకోవాలి. బల్ల మీద పెడితే మాత్రం ఎక్కడ తెరిచినా పొత్తికడుపు ఆనినట్టు చక్కగా పరుచుకుంటుంది, ఆదికాండం మొదటి పేజీ తప్ప. కాగితం సన్నం, వెనకపేజీ అక్షరాలు నీడలా కనిపిస్తాయి, అయినా సిరా నల్లగా ఉంది కనుక కంటికి ఇబ్బంది లేదు. వత్తులూ దీర్ఘాలూ విడివిడిగా తెలుస్తున్నాయి. ఇది చిన్న విషయం కాదు. నా చిన్న బైబిలులో 'క్షమ'కూ 'క్షామా'నికీ తేడా తెలిసేది కాదు, రెండూ దేవుడు పంపేవే కనుక అర్థం కూడా సహాయం చేసేది కాదు.

ఇక 15వ అధ్యాయం. 11వ వచనం పక్కన నడిమి గడిలో ఆదికాండము 6:6 అని ఉంది. మనుషులను చేసినందుకు దేవుడు సంతాపపడి హృదయంలో నొచ్చుకున్న చోటు అది. మంచిది. 29 పక్కన సంఖ్యాకాండము 23:19. పశ్చాత్తాపపడడానికి దేవుడు నరపుత్రుడు కాడని బిలాము చెప్పిన మాట. అదీ మంచిదే. 35 పక్కన "పై 11వ వచనము" అని ఉంది. కానీ 29 దగ్గర 11 లేదు, 11 దగ్గర 29 లేదు. అంటే ఒప్పుకునేవాళ్ళను ఒకచోట, కాదనేవాళ్ళను మరోచోట కూర్చోబెట్టారు, మన పెళ్ళిళ్ళలో మాటల్లేని బంధువుల్ని రెండు వరుసల్లో కూర్చోబెట్టినట్టు. ఇక్కడ ఒక మార్కు తీసేశాను. రెండు మాటలనూ ఎదురెదురుగా పెట్టినవాడు మూలగ్రంథకర్తే. చెరిపేయాలంటే ఆయనే చెరిపేవాడు. అంత దగ్గరలో ఉన్నదాన్ని గమనించకుండా రాశాడని నేను నమ్మను.

పదానుక్రమణికతో పేచీ ఇంకాస్త పెద్దది. 'పశ్చాత్తాపము' కింద చూస్తే సౌలు కథ దొరుకుతుంది, ఆదికాండం 6 దొరకదు, ఎందుకంటే అక్కడ తెలుగులో 'సంతాపము' అని ఉంది. నిర్గమకాండం 32లో మోషే బతిమాలితే దేవుడు చేస్తానన్న కీడు మానుకున్నచోటా 'సంతాపపడెను' అనే ఉంది. యోనా 3లో నీనెవె పట్టణాన్ని వదిలేసినచోట 'పశ్చాత్తప్తుడై'. ఇన్ని తెలుగు మాటల వెనకా హెబ్రీలో ఉన్నది ఒకటే క్రియ, నహమ్. ఆ క్రియకే మరో రూపం యెషయా 40 మొదట్లో 'ఓదార్చుడి, ఓదార్చుడి' అయింది. నొచ్చుకోవడమూ ఓదార్చడమూ ఒకే ధాతువు నుంచి వచ్చాయన్నమాట. ఈ సంగతి తెలిసిన రోజు నేను అన్నం పొయ్యి మీద పెట్టి మరిచిపోయాను. పదానుక్రమణిక తెలుగు అక్షరక్రమంలో కట్టినది కనుక దానికి ఇది తెలిసే దారి లేదు. 'సంతాపము చూడుము' అని పక్కన ఒక్క ముక్క వేసి ఉంటే ఎంత బాగుండేది.

అనువాదకులను తప్పు పట్టడం లేదు. విశాఖపట్నంలో 1805లో దిగిన క్రాన్, దెగ్రాంజి అనే లండన్ మిషన్ వాళ్ళు ఆనందరాయరు సాయంతో మొదలుపెట్టిన పని ఇది. మొదటి సువార్తలు 1812లో బెంగాలులోని శ్రీరామపురంలో అచ్చయ్యాయి. తరవాత ఎన్ని చేతులు పడ్డాయో. ఆ చేతుల్లో ఎవరిదో గాని, కొత్త నిబంధనలో చేసిన ఒక పనికి తెలుగు ఉపాధ్యాయురాలిగా దండం పెడతాను. గ్రీకులో మెటనోయియా ఉన్నచోట 'మారుమనస్సు' అన్నారు. యేసును అప్పగించి, ఆ ముప్పై వెండి నాణేలు తిరిగిచ్చిన యూదా దగ్గర గ్రీకు మాట వేరు, అక్కడ 'పశ్చాత్తాపపడి' అన్నారు. రెండూ ఒకటి కావని చదివేవాడికి చెవిలోనే తెలిసిపోతుంది. యూదా బాధపడ్డాడు, డబ్బు పారేశాడు, ఉరిపెట్టుకున్నాడు. యేసును ఎరగనన్న పేతురూ ఏడ్చాడు, కానీ తిరిగి వచ్చాడు. ఈ బైబిలులో మత్తయి 27:3 పక్కన 2 కొరింథీయులకు 7:10 ఇచ్చారు. దైవచిత్తానుసారమైన దుఃఖం ఒకటి, లోకసంబంధమైన దుఃఖం ఒకటి అని పౌలు విడదీసిన చోటు. సరిగ్గా ఇవ్వవలసిన చోట ఇచ్చారు.

కోపం సంగతి. మా పక్కవాటాలో ఉండే లెక్కల మాస్టారు గారి భార్య, అరసవల్లి ఆదివారాలు తప్పనివారు, సాయంత్రం కాఫీ వేళకు వచ్చి నేను చదివేది వింటారు. కీర్తన 7:11 దగ్గర ఆపారు. "ప్రతిదినము కోపపడు దేవుడా? రోజూనా?" అని. తన కోపమే తన శత్రువని ఆరో తరగతి పిల్లల చేత ఏటా వల్లె వేయించినదాన్ని నేను, ఏమి చెప్పను? పేజీలు తిప్పి కీర్తన 30:5 చూపించాను. "ఆయన కోపము నిమిషమాత్రముండును." ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే రోజుకొక నిమిషమన్నమాట. మా ఇంట్లోవారి కన్నా నయమే" అన్నారు. నవ్వి ఊరుకున్నాను గాని, యూదుల రబ్బీలు తల్మూదు అనే తమ ధర్మచర్చల గ్రంథంలో ఈ రెండు వచనాలనూ పక్కపక్కన పెట్టి అచ్చం ఇదే లెక్క కట్టారు. లెక్కల మాస్టారి ఇంటి గాలి ఆవిడకు బాగానే సోకింది. ఈ బైబిలులో మాత్రం 7:11 నుంచి 30:5కు దారి వేయలేదు. నేనే పెన్నుతో వేద్దామని చూస్తే సిరా రెండు పేజీల అవతలికి దిగింది. దీనికి పెన్సిలే వాడాలి, అదీ మెత్తగా.

నిర్గమకాండం 34:6 కింద ఉన్న పాదసూచిక చాలా చిన్నది. 'దీర్ఘశాంతము' అన్నదానికి హెబ్రీలో అక్షరాలా 'ముక్కు పొడవైనవాడు' అని అర్థమట. ఆ భాషలో కోపానికీ ముక్కుకూ ఒకటే మాట. ముక్కు మీద కోపం అని మనమూ అంటాం కదా! మనవాళ్ళకు కోపం ముక్కు కొసమీద కూర్చుంటుంది, ఆయనది అంత పొడవున ప్రయాణం చేసి రావాలి. అయితే ఆ తరవాతి వచనమే "దోషులను ఏమాత్రమును నిర్దోషులుగా ఎంచక" అని పట్టుకుంటుంది. క్షమిస్తాడు, వదిలిపెట్టడు. ఒకే ఊపిరిలో. ఇక్కడ పాదసూచిక ఏమీ అనదు. అనకపోవడమే బాగుంది.

అన్నచోటే చెడింది. సమూయేలు రెండో గ్రంథం 24:1లో జనాభా లెక్క తీయమని దావీదును ప్రేరేపించింది యెహోవా కోపం. అదే కథ దినవృత్తాంతములు మొదటి గ్రంథం 21:1లో చెప్పినప్పుడు ప్రేరేపించింది సాతాను. ఆ తప్పుకు శిక్షగా కోరుకోమన్న కరవు కూడా ఒకచోట ఏడేళ్ళు, ఒకచోట మూడేళ్ళు. దినవృత్తాంతాలు యూదుల బబులోను చెర తరవాత రాసిన గ్రంథం. తాతలు దేవుడి కోపమని చెప్పుకున్నదాన్ని మనవలు అలా చెప్పలేకపోయారు. ఎందుకు చెప్పలేకపోయారన్న ప్రశ్న మీద ఒక రాత్రంతా కూర్చోవచ్చు. ఇక్కడి పాదసూచిక ఒక్క వాక్యంలో "దేవుడు అనుమతించగా సాతాను చేసెను" అని తేల్చేసింది. ఒక మార్కు ప్రశ్నకు జవాబు. తప్పని అనను, కానీ ఆ జవాబు రాసినవారు రెండు అధ్యాయాలూ పక్కపక్కన పెట్టుకుని చదివినట్టు నాకు అనిపించలేదు.

ఈ 'తేల్చేయడం' మీద నాకు చిరాకు ఎందుకంటే, తిత్లీ తరవాత దాన్ని చెవులారా విన్నాను. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస, ఏది చూసినా వేళ్ళతో సహా పడి ఉన్నాయి. కరెంటు లేదు, తాగే నీళ్ళు లేవు. ఎక్కడి నుంచో వచ్చిన ఒక బోధకుడు మైకు పట్టుకుని ఇది ఈ ప్రాంతపు పాపానికి దేవుని ఉగ్రత అన్నాడు. ముందు వరుసలో కూర్చున్న ముసలాయనకు మిగిలినవి మూడు చెట్లు. లూకా 13 ఆ బోధకుడి బైబిలులో లేదా? సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోతే, వాళ్ళు మిగతావారికన్నా ఎక్కువ అపరాధులని అనుకుంటున్నారా, కాదు, అని యేసు అడిగి తానే జవాబు చెప్పిన అధ్యాయం అది. మళ్ళీ వెంటనే "మీరు మారుమనస్సు పొందనియెడల మీరందరును ఆలాగే నశింతురు" అంటాడు. మొదటి సగం పట్టుకున్నవాడికి రెండో సగం గుచ్చుకుంటుంది, రెండో సగం పట్టుకున్నవాడికి మొదటిది. ఈ బైబిలు ఆ వచనాల పక్కన యోహాను 9:2 ఇచ్చింది, పుట్టుగుడ్డివాడి కథ. ఎవరు పాపం చేస్తే వీడు గుడ్డివాడయ్యాడని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి తల్లిదండ్రులూ కాదు అన్న చోటు. ఆ ఒక్క గీతకు నేను మరో మార్కు వేస్తాను.

అచ్చుతప్పులు మూడు కనిపెట్టాను. రెండు చెప్పుకోదగ్గవి కావు. మూడోది: యోనా 3:10 పక్కన యిర్మీయా 18:8 ఉండాలి, జనం చెడుతనం మానితే తానూ కీడు మానుకుంటానని దేవుడు చెప్పే చోటు. అక్కడ 18:3 అని పడింది. తిప్పితే కుమ్మరి ఇల్లు వచ్చింది, సారె తిరుగుతోంది. తప్పే అయినా దారి తప్పించలేదు. అక్కడి నుంచి ఐదు వచనాలు నడిచి వెళ్ళాను, మట్టి చేతిలో చెడిపోతే అదే మట్టితో మరో కుండ చేయడం చూశాక 8వ వచనం ఇంకోలా వినిపించింది. కొట్టులో చెబితే కుర్రవాడు సంతోషించి, "అయితే తప్పు కాదన్నమాట" అన్నాడు. తప్పే నాయనా, దిద్దించు.

ఇక ఏశావు. హెబ్రీయులకు 12:17లో ఏశావు కన్నీళ్ళు విడిచినా మారుమనస్సు పొందడానికి అవకాశం దొరకలేదని ఉంది. చిన్నప్పుడు ఈ వచనమంటే నాకు భయం. ఏడ్చినా తలుపు తెరవని దేవుడా అని. పాత బైబిళ్ళలో దీని పక్కన ఆదికాండం 27 ఒక్కటే ఉండేది, తనకు రావలసిన ఆశీర్వాదాన్ని తమ్ముడు యాకోబు మోసంతో పట్టుకుపోతే తండ్రి ముందు ఏశావు బిగ్గరగా ఏడ్చిన అధ్యాయం. దీనిలో ఆదికాండము 33:4 కూడా ఇచ్చారు. తిప్పి చూశాను. ఇరవై ఏళ్ళ తరవాత మోసం చేసిన తమ్ముడు భయపడుతూ వస్తుంటే, ఏశావు ఎదురు పరుగెత్తి కౌగలించుకుని మెడమీద పడి ముద్దుపెట్టుకున్నాడు. ఆ వచనం పక్కన లూకా 15:20. తప్పిపోయిన కుమారుణ్ణి చూసి తండ్రి పరుగెత్తి మెడమీద పడి ముద్దుపెట్టుకున్న చోటు. మారుమనస్సుకు చోటు దొరకలేదని పేరుపడినవాడే క్షమించడంలో ఆ తండ్రిలా పరుగెత్తాడు! ఇన్నేళ్ళు ఈ మూడు చోట్లూ చదివాను, ఒక్కసారీ కలిపి చదవలేదు.

యాకోబు ఆ రోజు తప్పయిందని అన్నట్టు ఎక్కడా లేదు. ముందుగా మేకలు, గొర్రెలు, ఒంటెలు, ఆవులు, గాడిదలు, లెక్కపెడితే పిల్లలు కాక 550 జీవాలను మందలు మందలుగా పంపాడు. ఏడుసార్లు సాగిలపడ్డాడు. 33:11లో నా కానుక పుచ్చుకో అని బలవంతం చేశాడు. 'కానుక' దగ్గర చిన్న అంకె, కింద పాదసూచిక: "హెబ్రీ: ఆశీర్వాదము." దొంగిలించినది ఏ పేరుతో ఉందో ఆ పేరుతోనే తిరిగి ఇచ్చాడు. నోటితో చెప్పలేనిది మేకల చేత చెప్పించాడు. 1,150 రూపాయల పుస్తకంలో నేను పెట్టిన డబ్బుకు గిట్టుబాటు ఆ రెండు మాటల సూచికే.

నాకో తమ్ముడున్నాడు, ఊళ్ళోనే. తిత్లీకి పడిన చెట్లకు వచ్చిన పరిహారం తన ఒక్కడి ఖాతాలో వేయించుకుని నాకు చెప్పలేదు. తెలిశాక నేను మాట మానేశాను. వాడు ఏ రోజూ తప్పయిందని అనలేదు. ఏటా సంక్రాంతికి ముందు మాత్రం, నిలిచిన చెట్లవి, రెండు బస్తాల కొబ్బరికాయలు బస్సు మీద వేసి పంపుతాడు. పీచు తీసి, ముచ్చిక ఉంచి. నేను వాటిని ముట్టకుండా పక్కవాటా వారికి ఇచ్చేసేదాన్ని. "మారుమనస్సుకు తగిన ఫలములు ఫలించుడి" అని బాప్తిస్మమిచ్చు యోహాను అన్నది కాయల గురించి కాదని నా వాదన.

జూన్‌లో మళ్ళీ కొట్టుకు వెళ్ళి ఇదే బైబిలు రెండో ప్రతి అడిగాను. ధర యాభై రూపాయలు పెరిగింది. మొదటి ప్రతికి వెన్ను దగ్గర జిగురు అప్పటికే కాస్త విడుస్తోందని చూపిస్తే, కొన్న వారంలోగా అయితేనే మార్పు అన్నారు. కనుక కొనేవారు కొట్టులోనే పుస్తకం నిలువుగా పట్టుకుని వెన్ను చూసుకోండి, రసీదు అడిగి తీసుకోండి. రెండో ప్రతి గట్టిగానే ఉంది. ఆర్టీసీ పార్సిలులో ఊరికి పంపాను, లోపల చీటీ ఏమీ పెట్టలేదు. మూడో రోజు ఫోను వచ్చింది. చాలాసేపు వాడేమీ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. చివరికి, "అక్షరాలు బాగా పెద్దగా ఉన్నాయి, అక్కా" అన్నాడు.